నలభై ఒకటో గోరు

ఆవిణ్ణి అందరూ బూజక్క అనే పిలుస్తారు. అసలు పేరు జీతాల కాగితం మీద ఉంది గానీ, దాన్ని చదివిన పుణ్యాత్ముడు లేడు. ఆస్పత్రి వెనక ఉన్న పరిశోధనశాలలో పంతొమ్మిదేళ్లుగా ఆవిడ ఉద్యోగం బూజుకు వంట చెయ్యడం. నవ్వకండి. మనుషులకు తామర, పుచ్చుగోళ్లు తెచ్చిపెట్టే బూజును పెంచి చూడాలంటే దానికీ తిండి పెట్టాలి కదా! పొద్దున్నే బంగాళాదుంపలు ఉడకబెట్టి, ఆ నీళ్లు వడకట్టి, చక్కెరా గడ్డకట్టే పొడీ కలిపి, పెద్ద కుక్కరులాంటి యంత్రంలో ఆవిరి పట్టించి, గాజు పళ్లేల్లో పోస్తుంది. ఇంట్లో కూర మాడిన రోజున దర్జీ మొగుడు, "నేనూ బూజునై పుట్టాల్సింది" అని సణుగుతాడు. "ఇప్పుడు మాత్రం తక్కువేముంది?" అంటుంది ఈవిడ.

ఆవిడకో అలవాటుంది. ప్రతి వంటలోంచీ రెండు పళ్లేలు తీసి, మూత బిగించి, తేదీ రాసి బీరువాలో దాచుకుంటుంది. రేపెవరైనా తన వంటకు వంక పెడితే చూపించడానికట. పంతొమ్మిదేళ్లలో ఎవరూ పెట్టలేదు. మొన్న పెట్టారు.

పరిశోధన చేస్తున్న ఓ అమ్మాయి మూడేళ్లు దేశమంతా తిరిగి, కొండల నుంచీ రేవుల నుంచీ నలభైమంది రోగుల గోళ్ల ముక్కలు కవర్లలో వేసుకొచ్చింది. ఒక్క దేశంలో ఈ గోళ్ల బూజుకు ఎన్ని వంశాలున్నాయో, ఏది ఏ మందుకు లొంగుతుందో తేల్చడం ఆమె పని. ఆ ముక్కల్ని బూజక్క పళ్లేల్లో పెంచి జన్యు పరీక్ష చేస్తే ఏం తేలింది? నలభైకి నలభై ఒకే వంశం! కొండ మీది తాతదీ, రేవులో చేపలమ్మే అత్తదీ అచ్చంగా ఒకటే.

పెద్ద డాక్టరు ఎగిరి గంతేశాడు. "దేశమంతా ఒకటే బూజు! ప్రపంచం నోరెళ్లబెడుతుంది చూడండి" అన్నాడు. ప్రపంచం సంగతేమో గానీ, పరీక్షకుల సంఘం మాత్రం నమ్మలేదు. "ఎక్కడో ఏదో కలిసింది. నెలరోజుల్లో వచ్చి చూస్తాం" అని రాసింది. డాక్టరు ముఖం మాడిపోయింది. "బూజక్క పళ్లేలు సరిగ్గా ఉడకలేదు. సంఘం ముందు అదే చెబుతాను. ఆ మర్నాటి నుంచి ఆవిడ రానక్కర్లేదు" అని తేల్చేశాడు.

బూజక్కకు ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటైతే, తన వంటను పాచివంట అన్నారన్న బాధ ఇంకొకటి. ఏడ్చింది కూడా. ఏడ్చి, ముక్కు చీదుకుని, బీరువా తెరిచింది. ఆ నలభై గోళ్లకు వండిన నాటి పళ్లేలు రెండూ బూజు మచ్చ లేకుండా అద్దాల్లా మెరుస్తున్నాయి.

"చూడమ్మాయ్, తిండి శుభ్రంగానే ఉంది. మరి వడ్డించిందెవరు?"

అమ్మాయి గొంతు తగ్గించింది. "సారే అక్కా. గోళ్ల ముక్కలన్నీ ఆయనే పళ్లేల్లో పెట్టారు. గ్లౌజులు వేసుకుంటే చెయ్యి వాటం రాదంటారు."

"ఆయన కుడి బొటనవేలు ఎప్పుడైనా చూశావా?"

చూడలేదు. పెద్దాయన వేళ్ల వంక ఎవరు చూస్తారు? వంటయ్యాక ఆయన గది ఊడ్చేది బూజక్క కాబట్టి ఆవిడకు తెలుసు. ఆ గోరు పచ్చగా, మందంగా, పాత సబ్బుముక్కలా ఉంటుంది. ఫోన్లో మాట్లాడుతూ, పేపరు పరుచుకుని గోళ్లు కత్తిరించుకోవడం ఆయనకు సరదా. ఆ పేపరు పారెయ్యడం ఈవిడ వంతు.

ఈసారి మాత్రం పారెయ్యలేదు. పచ్చముక్కను ఏరి కవర్లో వేసి, మీద 41 అని రాసి అమ్మాయికిచ్చింది.

"ఎవరిదక్కా?"

"ముందు పెంచు. పుట్టాక పేరు పెడదాం."

అమ్మాయి గ్లౌజులు తొడుక్కుని దాన్నీ, పాత కవర్లలో మిగిలిన ముక్కల్నీ బూజక్క పోసిన కొత్త పళ్లేల్లో పెట్టింది.

సంఘం వచ్చింది. అమ్మాయి లేచి, "నలభై ఒకటో గోట్లో కూడా మళ్లీ అదే బూజు వచ్చిందండీ" అంది.

"చూశారా!" డాక్టరు బల్ల గుద్దాడు. "అది ఈవిడ పళ్లేల్లోనే కాపురముంది!"

"మరి మిగతా నలభై?" అడిగింది సంఘం పెద్దావిడ.

"అవీ ఈ అక్క పళ్లేలేనండీ. ఈసారి పదకొండు వంశాలు తేలాయి. ఈ నలభై ఒకటోది మాత్రం వాటిలో లేదు."

"ఎవరిదమ్మా ఆ గోరు?"

అమ్మాయి బూజక్క వంక చూసింది. బూజక్క తలుపు దగ్గర నుంచి ముందుకొచ్చింది. "పుట్టింది కదండీ, ఇక పేరు పెడదాం. సారుది. కుడి బొటనవేలు."

అందరి కళ్లూ ఒక్కసారే తిరిగాయి. డాక్టరు కుడి చెయ్యి గబుక్కున జేబులోకి దూరింది.

బూజక్క ఉద్యోగం నిలబడింది. పది రోజుల తర్వాత ఆవిడ దుంపలు తొక్క తీస్తుంటే వంటగది గుమ్మంలో పెద్ద డాక్టరు ప్రత్యక్షమయ్యాడు. కాసేపు కుక్కరును మెచ్చుకున్నాడు. ఆ తర్వాత, "అది కాదమ్మా... ఆ నలభై ఒకటోది ఏ మందుకు లొంగుతుందో తేలిందా?" అని నసిగాడు.

"తేలింది సార్, చెబుతాను" అని బూజక్క గ్లౌజుల డబ్బా ముందుకు తోసింది. "ముందు ఇవి తొడుక్కుని లోపలికి రండి."