మా గ్రంథాలయం ప్రక్క తలుపు

1994 జూన్ 13, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. ఇంత ఖచ్చితంగా ఎలా చెప్పగలవని మొన్న మా మనవరాలు నవ్వింది. గ్రంథాలయాలను, ప్రదర్శనశాలలను చిన్న వ్యాపారాలు పెట్టుకునేవారికి కూడలిగా మారిస్తే బాగుంటుందని ఎవరో రాసిన వ్యాసం తన ఫోనులో నాకు చదివి వినిపించి, ఎంత కొత్త ఆలోచనో చూడు నాయనమ్మా అన్నది. కొత్తదేమీ కాదు, చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్ వైపు వెళ్లే సందులో, నేను గ్రంథపాలకురాలిగా పనిచేసిన చిన్న శాఖలో, ఆ సోమవారమే అది మొదలైంది. మొదటి చీటీ మీద సమయం వేసింది నేనే.

మా గ్రంథాలయానికి రెండు హాళ్లుండేవి. ముందు హాలులో పత్రికలు, పరీక్షలకు చదివే పిల్లలు. జిల్లాల నుంచి వచ్చి అశోక్ నగర్ హాస్టళ్లలో ఉండే ఆ పిల్లలు తలుపు తీయక ముందే మెట్ల మీద కూర్చుని, తీయగానే ఫ్యాను కింది కుర్చీల కోసం పరుగెత్తేవారు, ఆ కుర్చీలు తొమ్మిదే కాబట్టి. వెనుక హాలులో విరిగిన బల్లలు, ఎవరూ అడగని నిబంధనల పుస్తకాలు, కూరగాయల బజారు వైపు తెరుచుకునే ఒక ప్రక్క తలుపు.

ఆ ఉదయం ఆ తలుపు తోసుకుని వచ్చింది మా ఆడబిడ్డ. దాని భర్త పనిచేసే మిల్లు మూతపడి అప్పటికి ఏడు నెలలు. ఇంట్లో కారం, పసుపు, ధనియాల పొడి కొట్టి, కొవ్వొత్తి మంటకు హాక్సా బ్లేడు ఆనించి కవర్లు అతికించి, నారాయణగూడలో ఒక కిరాణా దుకాణంలో ఇచ్చి వచ్చేది. ఆ రోజు సంచీ మొత్తం నా బల్ల మీద పడేసింది.

“చూడు వదినె, పాకెట్ మీద ఏం రాసిలేదని సేటు అన్నీ వాపస్ ఇచ్చిండు. కారానికి పేరేంది? ఎర్రగ కనవడ్తలేదా?”

ఒక కవరు పగిలి ముందు హాలులో పత్రికలు చదువుతున్న పెద్దమనుషులు వరసగా తుమ్ముతుంటే, నేను తూనికలు కొలతల నిబంధనల పుస్తకం దింపి, పాకెట్టు మీద తయారుచేసినవారి పేరు, చిరునామా, నికర బరువు, తయారైన నెల, ధర ఉండాలని చూసి, పాడైపోయిన కేటలాగు కార్డు వెనుక వైపు ఆమె ప్రశ్న, దానికి జవాబు, పుస్తకం పేరు, పేజీ, సమయం రాసి ఇచ్చాను. అలాంటిదే ఇంకొకటి రాసి నా దగ్గర పెట్టుకున్నాను. చదవమని పుస్తకం చేతికిస్తే మా ఆడబిడ్డ ఆ పూటే పారిపోయేది. జవాబు రాసిస్తే పదిమందికి చూపింది.

అలా వచ్చారు. కాచిగూడ నుంచి స్కూలు సంచులు కుట్టే ఆమె, అంబర్‌పేట నుంచి కొవ్వొత్తులు చేసే తల్లీ కూతుళ్లు, మిక్సీలు బాగుచేసే ఒకాయన. బ్యాంకులో పనిచేసి రిటైరైన మా పినమామగారు మంగళవారాలు కూర్చుని అప్పు దరఖాస్తులు నింపిపెట్టేవారు. అందరూ తలా కొంత వేసుకుని తూనికల శాఖ ముద్ర ఉన్న తక్కెడ ఒకటి కొన్నారు. దానిమీద తూచుకోకుండా ఏ పాకెట్టూ బయటికి పోయేది కాదు. ఒకరి ప్రశ్నకు నా పుస్తకంలో జవాబు లేకపోతే ప్రక్కన కూర్చున్నవారి అనుభవంలో దొరికేది. ఆ మాట కూడా కార్డు మీద రాసేదాన్ని, చెప్పినవారి పేరుతో సహా.

ఇన్ని రాసిన నేను ఒకటి గమనించలేదు. 1996 నవంబరు 19, మంగళవారం, తనిఖీకి వచ్చిన అధికారి ముందు తలుపు దగ్గరి పాఠకుల రిజిస్టరు తిరగేసి, వెనుక హాలు వాడుతున్నవారు ఒక్కరూ లేరని తేల్చి, ఆ హాలును మా పై కార్యాలయం పాత సామాను పెట్టుకోవడానికి రాసేస్తానన్నారు. చూస్తే నిజమే. రెండేళ్ల ఐదు నెలల్లో మావాళ్లది ఒక్క సంతకం లేదు. చెప్పులు ప్రక్క తలుపు దగ్గర విడిచి, అటే వచ్చి అటే పోయేవారు. పైగా ఆ రిజిస్టరులో రెండవ గడి ‘చదివిన పుస్తకం’. మేం చదవడానికి వచ్చామా, అడగడానికి కదా, అందులో ఏం రాస్తాం అని వాళ్ల మర్యాద. నేను 438 కార్డులున్న సొరుగు లాగి చూపించాను. ఇవి మీరు రాసుకున్నవేనమ్మా, సంతకాలేవి, రేపు పదకొండు గంటలకు కాగితం మీద సంతకం చేస్తాను అని ఆయన వెళ్లిపోయారు.

మా ఆడబిడ్డ కొంగు నడుముకు చుట్టింది.

“ఆ రిజిస్టర్ జర ఇటియ్యి వదినె. ఎడమచేత్తోని సగం, కుడిచేత్తోని సగం, రెండేండ్ల సంతకాలు గంటల పెడత.”

“పాత తారీఖు మీద ఒక్క గీత పడిందా, హాలు నేనే అప్పజెప్తా.”

“అబ్బో, హాలు పోయినంక నీ తారీఖులు ఉప్పేసుకొని తింటమా?”

అని తిట్టుకుంటూనే రిక్షా ఎక్కి, పొద్దు గూకేలోపు కాచిగూడ, అంబర్‌పేట తిరిగి, అందరినీ కార్డులు తీసుకుని రమ్మని చెప్పి వచ్చింది. మరునాడు ఉదయం ప్రక్క తలుపుకు నేనే తాళం వేశాను. తొమ్మిదిన్నర నుంచి వచ్చినవాళ్లంతా సందులో చుట్టూ తిరిగి, పరీక్షల పిల్లల మధ్య నుంచి, ముందు తలుపుతోనే రావలసి వచ్చింది. ‘చదివిన పుస్తకం’ గడిలో తమకు జవాబిచ్చిన పుస్తకం పేరు, పేజీ, ఇంట్లో దాచుకున్న కార్డు చూసి రాశారు. కొవ్వొత్తుల తల్లి వేలిముద్ర వేయనని, కూతురు తన చేయి పట్టి నడిపిస్తే పేరు రాసింది. అధికారి వచ్చేసరికి అరవై ఒక్క సంతకాలు, అన్నీ ఆనాటి తేదీ మీదే.

“ఇంతమంది ఇన్నాళ్లు ఎక్కడున్నారమ్మా?” అన్నారాయన.

“ఈడనే ఉన్నం సార్. మీరు ముంగటి నుంచి వస్తిరి, మేం పక్క నుంచి వస్తిమి, గంతే,” అన్నది మా ఆడబిడ్డ.

ఆయన దాని సంచీలోంచి ఒక కారం పాకెట్టు తీసి తక్కెడలో పెట్టారు. దాని మీద రాసిన రెండు వందల గ్రాములకు ముల్లు నిటారుగా నిలబడింది. ఇంకొకటి పెట్టారు, అదీ అంతే. హాలు యథాతథంగా ఉంచవలెను అని ఆయన రాసిన వాక్యం నాకు ఇప్పటికీ అక్షరం తప్పకుండా కనిపిస్తుంది. ఆ మధ్యాహ్నం వెనుక హాలులో మా వాళ్లు పెట్టిన గోలకు పరీక్షల పిల్లలు పుస్తకాలు మూసి వచ్చి చప్పట్లు కొట్టారు. నిశ్శబ్దం అన్న బోర్డు కింద నిలబడి నేనూ కొట్టాను.

1999 చివరి పనిదినానికి కార్డులు 1,116. పేరు పెట్టి, లైసెన్సు తీసుకుని నిలబడ్డ చిన్న వ్యాపారాలు ముప్పై నాలుగు. మా ఆడబిడ్డ అంబర్‌పేటలో రేకుల షెడ్డు వేసి తొమ్మిది మందికి పని ఇచ్చింది. తనను తిప్పి పంపిన సేటే మనిషిని పంపి సరుకు అడిగించుకున్నాడు.

ఈ రోజుల్లో ప్రశ్న వేసిన క్షణంలో ఫోను జవాబిస్తుంది, నాకంటే త్వరగా, బహుశా నాకంటే ఎక్కువ. కానీ ఆ జవాబు ఒక్కరి చేతిలోనే ఉండిపోతుంది. ప్రక్క కుర్చీలో అదే కష్టంలో ఉన్న మనిషి తలెత్తి చూడడు.

ఇక గెలుపు గురించి చెప్పి ఖరీదు చెప్పకపోతే లెక్క సగమే అవుతుంది. ఆ వాక్యం రాసేముందు, కార్యాలయం పాత సామానుకు ఎక్కడో ఒకచోట జాగా చూపమని అధికారి షరతు పెట్టారు. ముందు హాలులో ఒక మూల పిల్లల విభాగం ఉండేది. ఆ మూల ఇస్తానని చెప్పింది, సంతకం చేసింది నేనే. 1996 నవంబరు 30, శనివారం, ఆ పుస్తకాలను గోనెసంచుల్లో కట్టి కార్యాలయానికి పంపించాం. ప్రతి శనివారంలాగే మధ్యాహ్నం మూడు గంటలకు వచ్చిన చిన్నపిల్లలు కాసేపు నిలబడి చూసి వెళ్లిపోయారు. ఆ మూల, ఆ పుస్తకాలు తిరిగి ఇమ్మని నేను మూడు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు.

పోయినవి: పిల్లల పుస్తకాలు 614. బీరువాలు రెండు. పొట్టి బల్లలు రెండు. శనివారం వచ్చే పిల్లలు పదిహేడుగురు. వారిలో పెద్దయ్యాక మా గ్రంథాలయానికి మళ్లీ వచ్చినవారు ఇద్దరు.