జీను సరిపోయిన రోజు

కొత్త జీను కావాలనుకున్నది నా సుఖం కోసం కాదు, గుర్రం మూపు కోసం. ఈ మాట ముందే చెప్పుకుంటే నాకు కాస్త ఊరట. తర్వాత జరిగినదాంట్లో నా గురించి చెప్పుకోదగ్గ మంచి మాట ఇదొక్కటే.

నేను నిజామాబాద్‌లో బడిపిల్లలకు ఆటలు నేర్పే టీచర్ని. కాలేజీ రోజుల్లో హైదరాబాద్‌లో గుర్రపుస్వారీ నేర్చుకున్నాను, అప్పుడు పట్టుకున్న పిచ్చి ఇప్పటికీ వదల్లేదు. పరుగు పందేల్లో ఎప్పుడూ వెనకబడే ఒక ఆడగుర్రాన్ని, ఇక దీనితో పని లేదని పందేలవాళ్ళు వదిలించుకుంటుంటే నేను తెచ్చుకున్నాను. అద్దె ఇంట్లో గుర్రాన్ని ఎక్కడ కట్టేస్తాను? బోధన్ దగ్గర మా చెరుకు చేను పక్కన, ఒకప్పుడు ఎడ్లు ఉన్న కొట్టంలో కట్టేశాము. వారమంతా దాని ఆలనాపాలనా మా నాన్నది, అంటే బాపుది. నేను శనివారం బడి అయిపోగానే బోధన్ బస్సెక్కి పోయి, ఆదివారమంతా దాని మీద ఊరేగి, సోమవారం పొద్దున్నే మళ్ళీ బస్సెక్కేదాన్ని. కాగితాల్లో దానికి పెద్ద ఇంగ్లీషు పేరు ఉంది. బాపుకు ఆ పేరు నోరు తిరగదు. 'పిల్లా' అని పిలిచేవాడు. నన్ను కూడా అట్లాగే పిలుస్తాడు కాబట్టి ఒక్కోసారి ఇద్దరం తల తిప్పేవాళ్ళం.

పరుగులో మందకొడి గానీ ఆ గుర్రానికి ఎగిరి దూకడమంటే ప్రాణం. చెరుకు కొట్టేసిన మడిలో రెండు నూనె డ్రమ్ములు నిలబెట్టి వాటి మీద వెదురు బొంగు పెడితే చాలు, చెవులు రెండూ ముందుకొచ్చేవి. దానికి పద్నాలుగేళ్ళు నిండాయి. నాకు ముప్పై ఆరు. ఎండాకాలం చివర్లో హైదరాబాద్‌లో గుర్రాలు అడ్డంకులు దూకే పోటీ ఉందని తెలిసి పేరిచ్చాను. మా ఇద్దరికీ అదే మొదటి పోటీ. ఇంకో రెండేళ్ళు పోతే దాని కాళ్ళు ఒప్పుకోవు కాబట్టి, చివరిది కూడా అదే కావచ్చని నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు కానీ ఆ పోటీ మీద నాకు ప్రాణం మీదున్నంత ఆశ.

పాత జీను ఒక క్లబ్బువాళ్ళు పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నది. లోపలి చట్రం ఇరుకు. గుర్రం మూపుకు రెండు వైపులా నొక్కి నొక్కి, ఆ చోట్లలో తెల్ల వెంట్రుకలు మొలిపించింది. నన్ను కూడా కుర్చీలో కూర్చోబెట్టినట్టు వెనక్కి పడేసేది. మోకాలు ముందుకు పోయి అంచు దాటేది. ఒకరోజు దూకి దిగుతుంటే లోపల ఏదో కటుక్కుమంది. విప్పి చూస్తే చట్రం చిట్లింది. ఇక దాన్ని గుర్రం వీపు మీద వేస్తే పాపమే.

హైదరాబాద్ నుంచి ఒక జీన్లాయన వస్తాడని విన్నాను. గుర్రం వీపు కొలిచి, మనిషి తొడ కొలిచి, కాన్పూర్‌లో కుట్టించి పంపుతాడట. ఏడాదికి ఒక్కసారే మా వైపు వస్తాడు. ఫోన్ చేస్తే సంక్రాంతి దాటాక వస్తానన్నాడు. ఆ సంగతి బాపుకు చెప్పడమే నేను చేసిన మొదటి తప్పు.

మా ఇంట్లో ఎడ్లను చూడ్డానికి బేరగాళ్ళు వస్తున్నారంటే నెల ముందు నుంచే హడావిడి ఉండేది. తవుడు, గానుగపిండి, బెల్లం నీళ్ళు. కొమ్ములకు నూనె. పదిమంది చూసే వేళకు పశువు బక్కచిక్కి నిలబడితే ఇంటి పరువే పోతుందని బాపు నమ్మకం. ఎడ్లు పోయి ట్రాక్టర్ వచ్చి ఎన్నో ఏళ్ళయింది కానీ ఆ అలవాటు ఆయన చేతుల్లో అట్లాగే ఉండిపోయింది. పైగా అది చెరుకు కొట్టే కాలం. చేలో ఎక్కడ చూసినా పచ్చటి చెరుకు కొసలు కుప్పలు. పక్కనే బెల్లం వండుతున్నారు. జీన్లాయన వచ్చేదాకా బాపు గుర్రానికి రెండు పూటలా పెండ్లికూతురికి పెట్టినట్టు పెట్టాడు. నేను వారం వారం పోయినప్పుడు దాని వీపు గుండ్రంగా, నిగనిగలాడుతూ కనిపించేది. పక్కటెముకలు కనబడ్డం మానేశాయి. నాకు మురిపెంగానే ఉండింది, కాదని ఎందుకు చెప్పాలి?

జీన్లాయన మంచివాడు, పని తెలిసినవాడు. ఎటు వంచితే అటు వంగే రూళ్ళకర్రను మూపు మీద ఆనించి, ఆ ఒంపును తెల్లకాగితం మీద గీసుకున్నాడు. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి తుంటి నుంచి మోకాలిదాకా కొలిచాడు. గుర్రం పొట్ట మీద అరచేయి ఆనించి కాసేపు నిలబడి, ఈ ఒళ్ళు ఎప్పుడూ ఉండేదేనా అని అడిగాడు.

"ఎప్పటికి గిట్లనే ఉంటది సారు," అన్నాడు బాపు. మొహంలో గర్వం దాచుకోలేకపోయాడు.

ఆయన నా వైపు చూశాడు. చెరుకు అయిపోతే ఇది తగ్గుతుందని నాకు తెలుసు. కానీ పరాయి మనిషి ముందు బాపు మాట కాదంటే ఆయన మొహం ఏమవుతుందో కూడా తెలుసు. తగ్గినా ఎంత తగ్గుతుందిలే అనుకున్నాను. తల ఊపాను.

జీను వచ్చేసరికి చెరుకు కొట్టడం అయిపోయింది. ఎండలు ముదిరాయి. బాపు ఎండుగడ్డి, కొన్ని ఉలవలు పెడుతున్నాడు. పోటీ కోసం నేను జీను లేకుండానే, పొడవాటి తాడు కట్టి చుట్టూ పరిగెత్తిస్తూ గట్టిగా సాధన చేయిస్తున్నాను. గుర్రం తన మామూలు ఒంటికి వచ్చేసింది, సన్నగా, చురుగ్గా.

పెట్టె విప్పినప్పుడు కొత్త తోలు వాసన కొట్టమంతా నిండింది. ముందుగా దాన్ని కొట్టం అడ్డకర్ర మీద పెట్టి కూర్చుని చూశాను. ఏం చెప్పను? జీవితంలో నాకు అంత సరిగ్గా కుదిరిన వస్తువు ఇంకొకటి లేదు, చీరగానీ చెప్పుగానీ. మోకాలికి మోకాలి చోటు, తొడకు తొడ చోటు. పాదాలుంచే రికాబుల్లో లేచి నిలబడితే ఎవరో నడుం పట్టి ఆపినట్టు ఉంది. ఆ క్షణంలో పోటీ మైదానం కూడా కళ్ళముందు కనబడింది.

తర్వాత గుర్రం మీద వేశాను. జీను ముందు అంచుకు, మూపు ఎముకకు మధ్య మూడు వేళ్ళు పట్టాలి. ఒక్క వేలు పట్టింది. నేను ఎక్కి కూర్చుంటే అది కూడా పట్టలేదు. లావెక్కిన వీపు కోసం చేసిన వెడల్పాటి చట్రం, సన్నబడిన వీపు మీద జారి కూర్చుంది. అట్లాగే దూకిస్తే తోలు తోలుకు రాసి, తెల్ల వెంట్రుకలున్న చోటే పుండు పడుతుంది.

జీన్లాయనకు ఫోన్ చేశాను. ఆయన తప్పు లేదని ఇద్దరికీ తెలుసు కాబట్టి మర్యాదగానే మాట్లాడుకున్నాం. లోపలి ఉన్ని కొంత పెంచవచ్చు గానీ చట్రం మార్చడమంటే మళ్ళీ కొత్త జీను కుట్టడమేనన్నాడు. అది పోటీలోపు జరిగే పని కాదు. కింద మందపాటి మెత్త వేసి చూశాను. గుర్రానికి ఎత్తు సరిపోయింది గానీ నేను పరుపుల దొంతర మీద కూర్చున్నట్టు ఊగిపోయాను. కింద గుర్రం ఉందో లేదో కూడా తెలియలేదు. మొదటి బొంగు దూకేసరికి మెత్త పక్కకు జారింది. గుర్రం ఆగిపోయి, మెడ తిప్పి నా వైపు చూసింది. నాకు సరిపోతే దానికి సరిపోదు, దానికి సరిచేస్తే నాకు కుదరదు. జీను పక్కన పెట్టి గడ్డివాము మీద కూలబడ్డాను. కళ్ళనీళ్ళు వచ్చాయి.

బాపు జీను చుట్టూ ఒకసారి తిరిగాడు, గుర్రం చుట్టూ ఒకసారి తిరిగాడు.

"జీను మారకుంటె గుర్రమే మారుతది బిడ్డా," అన్నాడు. "మల్ల గా ఒళ్ళు నేను తెస్త. నువ్వు రంది వెట్టుకోకు."

వద్దనాల్సిన మాట అది. నాకు వినబడింది మాత్రం పోటీకి పోవచ్చన్న మాట.

ఆ రోజు నుంచి తవుడు, ఉలవలు, నీళ్ళలో కలిపిన బెల్లం. బోరు కింద ఇంకా పచ్చగా ఉన్న పిలక చెరుకు రోజూ ఒక కట్ట. బాపు ఒక్కడే పెట్టలేదు. నేను పోయిన ప్రతి శని, ఆదివారాలూ స్వారీ కోటు జేబుల్లో బెల్లం ముక్కలు వేసుకుని, బాపు చూడనప్పుడు దాని నోటికి అందించేదాన్ని. ఆయన చూస్తే ఎక్కువ పెట్టొద్దంటాడేమోనని భయం. అది పెదవులతో నా అరచేయి తడిమి, అయిపోయాక జేబు దగ్గర ముక్కు పెట్టేది. వారం వారం మూపు దగ్గర వేళ్ళు పెట్టి చూసేదాన్ని. ఒకటి. ఒకటిన్నర. రెండు. కోటు కొట్టంలో మేకుకు తగిలించి పోయేదాన్ని. ఒకసారి వచ్చేసరికి అది తిరగేసి ఎండలో ఆరేసి ఉంది. చెమట వాసన వస్తోందని బాపు ఆరేసి ఉంటాడులే అనుకున్నాను.

పోటీ ఇంకా రెండు వారాలుందనగా, ఒక ఆదివారం పొద్దున జీను వేశాను. వేళ్ళు పెట్టాను. మూడు పట్టాయి. పొట్ట కింది పట్టీ బిగించి మళ్ళీ చూశాను. మూడే. ఎటు చూసినా వెలితి లేదు. దర్జీ గుర్రం మీదే పెట్టి కుట్టినట్టుంది. "ఇగ సరిపోయింది గద పిల్లా," అన్నాడు బాపు. ఇద్దరిలో ఎవరిని అన్నాడో తెలియదు. నేను కళ్ళెం పట్టుకుని బయటికి నడిపించబోయాను.

అది కదల్లేదు.

ముందుకాళ్ళు రెండూ చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడింది. మళ్ళీ లాగితే ఒక్క అడుగు వేసింది, నిప్పుల మీద వేసినట్టు. నేను వంగి గిట్ట మీద చేయి పెట్టాను. వేడిగా ఉంది. రెండోదీ అంతే. నాకు జీను విప్పాలన్న బుద్ధి పుట్టలేదు. బాపే వచ్చి పట్టీ వదులు చేశాడు.

మధ్యాహ్నానికి పట్నం నుంచి పశువుల డాక్టరు వచ్చాడు. గిట్టల లోపల వాపు అన్నాడు. తీపి ఎక్కువైతే గుర్రాలకు అది కాళ్ళలోకి దిగుతుందట. బతుకుతుంది, మెల్లగా నడుస్తుంది, కానీ లోపల ఎముక పట్టు సడలింది, ఇక దీనితో దూకించవద్దన్నాడు. ఇసుక పరవమన్నాడు, కాళ్ళకు చన్నీళ్ళు పట్టమన్నాడు. తర్వాత అడిగాడు, ఏం పెట్టారు, ఎవరు పెట్టారు అని.

"నేనే వెట్టిన సారు," అన్నాడు బాపు. "బిడ్డకు తెల్వది. అది పట్నంల ఉంటది."

నేను పక్కనే ఉన్నాను. బకెట్ పట్టుకుని, గుర్రం కాళ్ళ మీద నీళ్ళు పోస్తున్నాను. నా కోటు నా ఒంటి మీదే ఉంది, జేబులో ఆ పూట బెల్లం కూడా ఉంది. డాక్టరు బాపును కాస్త గట్టిగానే మందలించాడు. డెబ్బై ఏళ్ళ మనిషి బడిపిల్లాడిలా తల వంచుకుని విన్నాడు. నేను నీళ్ళు పోస్తూనే ఉన్నాను.

పోటీవాళ్ళకు రావడం లేదని చెప్పేశాను. డాక్టరు చెప్పిన పథ్యం పెట్టాక గుర్రం మళ్ళీ సన్నబడింది, జీను మళ్ళీ సరిపోకుండా పోయింది. ఇప్పుడది కొట్టంలో అడ్డకర్ర మీద గుడ్డ కప్పి ఉంది. గడ్డిలో ఉండే కొద్దిపాటి తీపి కూడా దాని ఒంటికి పడదు. అందుకని పొద్దున్నే ఎండుగడ్డిని గోనెసంచిలో కట్టి గంటసేపు తొట్టిలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి పెట్టాలి. బాపు ఆ పని ఒక్కరోజు తప్పించడు. జీవితమంతా చెరుకు పండించిన మనిషి, ఇప్పుడు రోజూ గడ్డిలోంచి తీపి కడుగుతున్నాడు.

మొన్న ఆదివారం ఆయన తొట్టి దగ్గర ఉంటే పక్కన కూర్చున్నాను. ఇన్ని నెలలూ దాచిన మాట ఎట్లాగో బయటికి వచ్చింది. నేను కూడా పెట్టాను బాపూ, ప్రతివారం, నీకు తెలియకుండా పెట్టాను అన్నాను. డాక్టరు అడిగినప్పుడు చెప్పలేకపోయాను అన్నాను.

ఆయన సంచీని నీళ్ళలోకి ఇంకోసారి నొక్కాడు.

"ఎర్కే బిడ్డా," అన్నాడు. "నీ కోటు జేబులల్ల చీమలు వట్టి ఉండె. నేనే దులిపి ఎండల ఏసిన."

సంచి రెండో కొస నా చేతికిచ్చాడు. ఇద్దరం చెరో వైపు పట్టుకుని నీళ్ళు పిండాము.