తెలుగు తెలిసిన కారు, మా మామ

పాఠక మహాశయులారా, ముందుగా మీ అందరికీ సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. పోయినవారి గురించి రాసేటప్పుడు వారు కట్టించిన బడో, చదివించిన పేద పిల్లవాడో కనీసం ఒకటైనా ఉండాలని నాకు తెలుసు. ఈ రచనలో బ్యాటరీ, వేడినీళ్ళు, హారన్ తప్ప మరేమీ దొరకవు. ఈ మహాపరాధానికి సిగ్గుతో తల వంచుతున్నాను. వంచి, అదే రాస్తున్నాను.

పోయిన నెల ఒక ఉదయం అమ్మ ఫోన్ చేసి “మామ పోయినాడప్పా” అంది. “కారేసుకొనా?” అన్నాను. “నిద్రలో” అంది అమ్మ. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు.

ఆయన అమ్మకు అన్న. బెంగళూరు పీణ్యలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో ఉత్తరాలు టైపు చేసేవాడు. కారు మరమ్మతు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఆ సంగతి కారుకు కూడా తెలుసు. తొంభైల మొదట్లో సర్జాపురలో ఒక తెలుగు శెట్టిగారి దగ్గర కొన్న ఆ బూడిదరంగు బండి వయసులో నాకంటే పెద్దది. దాన్ని షెడ్డుకు తీసుకెళ్ళి మెకానిక్‌కు చూపించడమంటే మామ దృష్టిలో ఇంటి గుట్టు వీధిలో పెట్టడమే. అందుకని ప్రతి ఆదివారం ముంగిట్లో, రేకుల పందిరి కింద, బానెట్ తెరుచుకునేది. ఇంజనీరింగ్ చదువుతూ వాళ్ళింట్లో ఉన్న నాలుగేళ్ళూ పానాలు అందించే పదవి నాది.

ఆయన పద్ధతి వేరు. ముందు బానెట్ జోలికి పోడు. తాళంచెవి చొక్కా జేబులోనే ఉంచుకుని, డ్రైవర్ సీట్లో కూర్చుని, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, జ్వరమొచ్చిన పిల్లను అడిగినట్టు మెల్లగా అడుగుతాడు: “ఏమప్పా, యాడ నొస్తా ఉండాది?” ఆ తర్వాత ఎదురుచూస్తాడు. నేను పక్క సీట్లో నవ్వు ఆపుకుంటూ కూర్చునేవాణ్ణి. ఒక ఆదివారం అలా కూర్చుని ఉండగా, తాళంచెవి పెట్టకుండానే, డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం మెల్లగా వెలిగింది. మాకేసి చూసినట్టు కాసేపు ఉండి, మెల్లగా ఆరిపోయింది. నా నవ్వు గొంతులోనే ఉండిపోయింది.

“విన్యావా? బ్యాటరీ అంట” అన్నాడు మామ.

బానెట్ తెరిస్తే బ్యాటరీ టెర్మినళ్ళ మీద తెల్లటి బూజు పేరుకుని ఉంది. వేడినీళ్ళు పోసి, గీకి, వాజలీన్ పూసి, బిగించాం. బండి స్టార్టయింది.

“అది లూజ్ కాంటాక్ట్ మామా. మీరు సీట్లో కూర్చున్న అదురుకు వెలిగింది” అన్నాను, చదువుకున్నవాణ్ణి కాబట్టి.

“లూజ్ కాంటాక్టే అప్పా. నేను కాదన్యానా?” అని చేతులు తుడుచుకున్నాడు.

ఇంకో నియమం కూడా ఉండేది. కారు తానే చెప్పుకుంటే తప్ప, దాని దగ్గర దాని జబ్బు గురించి తెలుగులో మాట్లాడకూడదు. శెట్టిగారి ఇంట్లో పెరిగిన బండి కదా, దానికి తెలుగే వస్తుందని, వింటే బెంగపెట్టుకుని ఇంకా చెడుతుందని మామ నమ్మకం. అందుకని రోగమంతా కన్నడంలో, పొగడ్తలన్నీ తెలుగులో. “కాయిల్ హోగిదె”, అంటే కాయిల్ పోయింది అని, నా చెవిలో గొణిగి, గట్టిగా “మన బండికేమప్పా, బంగారం!” అనేవాడు. వానాకాలంలో డిస్ట్రిబ్యూటర్ మూతలో చెమ్మ చేరితే దాన్ని ఊడదీసి వంటింట్లో దోసె పెనం మీద ఆరబెట్టేవాడు.

“రేపు దోసె పెట్రోలు వాసనొస్తే మీ కారుకే తినిపియ్యండి” అనేది అత్త.

“మెల్లగె మాతాడే!” అని, దానికి వినపడకుండా మెల్లగా మాట్లాడమని, కన్నడంలో కసిరేవాడు మామ.

మరి మామ అన్ని జబ్బులూ సరిగ్గా కనిపెట్టేవాడా అంటే, అదీ లేదు. ఒక ఎండాకాలం బండి కాస్త దూరం పోగానే నిలిచిపోయేది. ఆగి కాసేపు ఊరుకుంటే మళ్ళీ కదిలేది. మామ ప్లగ్గులు మార్చాడు, కాయిల్ మార్చాడు, చివరికి పెట్రోలు పంపు కూడా మార్చాడు. ఒకనాడు ట్యాంకు మూత తిప్పాడు. ఉస్సుమని ఒక పొడుగాటి ఊపిరి లోపలికి పోయింది. ఎంతో సేపుగా ఊపిరాడని మనిషి పీల్చుకున్నట్టు ఉంది. మూతలో గాలి పోయే చిన్న కన్నం మట్టితో మూసుకుపోయింది, అంతే. మామ చెప్పులు విడిచి, బండి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. “ఊపిరాడక అల్లాడింది పాపం. నేనేమో గుండె మార్చినా.” ఆ తర్వాత నాతో చాలాసార్లు అన్నాడు: “మొదట సులభమైంది చూడప్పా. కష్టమైంది యాడికీ పోదు.” ఇప్పుడు ఆఫీసులో కంప్యూటర్ మొరాయించినప్పుడు నేను అదే చేస్తాను. ముందు ప్లగ్గు చూస్తాను. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

ఇక హారన్ సంగతి. బయటికి పోయేవాళ్ళ వీపు మీద తలుపు వెయ్యకూడదని అత్త పట్టింపు. మనిషి కనుమరుగయ్యేదాకా గడపలో నిలబడేది. ఆమె కాళ్ళు నొస్తాయని మామ వీధి మలుపు తిరుగుతూ ఒక పొడుగు హారన్ కొట్టేవాడు. అంటే ‘నేను పోతున్నా, తలుపేసుకో’ అని. ఇద్దరూ కలిసి పోవాల్సినప్పుడు ముంగిట్లోనే రెండు పొట్టి హారన్లు. అంటే ‘బయటికి రా’.

పదకొండో రోజు కర్మ ముగిసిన మర్నాడు, ఇంకా వెలుగు రాకముందే, ముంగిట్లో హారన్ మోగింది. రెండుసార్లు. పొట్టిగా.

హాల్లో పడుకున్న చుట్టాలందరూ లేచి కూర్చుని ఒకేసారి నా వైపు చూశారు. నా గత చరిత్ర అలాంటిది. మామ కూతురు, నాకు వదిన, వచ్చి నా చెవి పట్టుకుంది.

“ఈ పొద్దు కూడా ఆటలేనా నీకు?”

“పడుకోనే ఉండా కదా వదినా!”

మర్నాడు వదిన ముందు జాగ్రత్తగా నా పక్కనే కూర్చుంది. నా చెవి ఆమె చేతిలో ఉండగానే మళ్ళీ రెండు హారన్లు మోగాయి. చెవి వదిలేసింది.

అప్పుడే అత్త గదిలోంచి వచ్చింది. ఉతికిన చీర, దువ్విన తల, భుజాన హ్యాండ్‌బ్యాగు. నేరుగా పోయి గడప మీద కూర్చుంది.

“యాడికత్తా?” అన్నాను.

“పిలుస్తా ఉండాడు కదప్పా. రెడీగా ఉండొద్దా?” అంది, బజారుకు పోతున్నంత మామూలుగా.

అత్తను హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో తన ఫ్లాటుకు తీసుకుపోవాలని వదిన అనుకుంటోంది. అత్త కదలనంటోంది. కదలకపోవడం కాదు వదిన భయం. “నాయన పాయె. అమ్మను కూడా పిల్చుకొని పోతాడేమోప్పా” అని వంటింట్లో గోడకు ముఖం పెట్టి ఏడ్చింది. “నీకు వచ్చుకదా, ఏదైనా చెయ్యి.”

చూశాను. సులభమైందే మొదట చూశాను. స్టీరింగ్ గొట్టంలో హారన్ తీగ తొడుగు అరిగిపోయి, తెల్లవారుజామున చెమ్మకు ఇనుముకు తగులుతోంది. “వైర్ హోగిదె” అని వదినకు కన్నడంలోనే చెప్పాను, అలవాటుకొద్దీ. టేపు చుట్టాను. రెండేసిసార్లే ఎందుకు మోగిందో మాత్రం నేను చదివిన చదువులో లేదు.

మర్నాడు హారన్ మోగలేదు. అత్త మధ్యాహ్నం దాకా బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. “కోపమొచ్చినట్లుండాది. చీర కట్టుకునేసరికి లేటు చేసినా” అంది. ఆ రోజు అన్నం ముట్టలేదు, తలుపు మూయనివ్వలేదు. మరునాడూ అంతే. సాయంత్రానికి గోడ పట్టుకోకుండా లేవలేకపోయింది.

“నువ్వు బాగుచేసి ఇంకా చెడగొట్టినావు కదప్పా” అంది వదిన. అందులో కోపం లేదు. అదే బాధ.

ఆ తర్వాతి ఉదయం, మంచు ఇంకా విడవకముందే, ఒక హారన్ మోగింది. ఒకటే. పొడుగ్గా.

గడపలో కూర్చున్న అత్త లేచి నిలబడింది. పందిరి కింద, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర్లో కారు కదలకుండా ఉంది. ఆమె దాని వైపు చూడలేదు. గేటు దాటి వీధిలోకి చూసింది. ఆమె తల మెల్లగా, చాలా మెల్లగా, ఎడమ వైపుకు తిరుగుతూ పోయింది. పోతున్న బండిని చూసేవాళ్ళ తల తిరిగినట్టే తిరిగింది. మలుపు దగ్గర ఆగింది. చెయ్యి కొంచెం ఎత్తింది. తర్వాత లోపలికి నడిచి తలుపు వేసుకుంది. గడియ పడ్డ చప్పుడు వినబడింది. మధ్యాహ్నం అన్నం అడిగి మరీ తిన్నది.

ఇదంతా నేను ఎక్కడి నుంచి చూశానో వదిన ఇంతవరకూ అడగలేదు. బంధుమిత్రులారా, ఆ పొట్టి హారన్లతో నాకే సంబంధమూ లేదు. ఆ పొడుగు హారన్ మాత్రం నేను కొట్టిందే. మామ సీట్లో ఒదిగి కూర్చుని కొట్టాను. అత్త మలుపు వైపు చూస్తున్నంతసేపూ నాకూ అటు చూడాలనిపించింది. తల తిప్పలేదు.