అరిగిన గులాబీ

విరిగిన మనసు తప్ప ఏదైనా అతికిస్తాడని ఆ వీధిలో పేరు. అందుకే అందరికీ ఆయన అతుకుల తాత. కప్పు, కూజా, బొమ్మ, ఏది పగిలినా ఆయన బల్ల మీదికే వచ్చేది. అతికించాక గీత ఎక్కడుందో చూపించమని తెచ్చినవాళ్లతో పందెం కాసేవాడు. యాభై ఏళ్లలో ఒక్కసారీ ఓడలేదు. ఆ గర్వం కాస్త ఎక్కువే.

ఒకరోజు కుట్టుపని చేసుకునే ఒకామె పాతకాలపు ఇంగ్లండు పింగాణీ చక్కెర గిన్నె తెచ్చింది. ఒంటినిండా చేత్తో వేసిన గులాబీలు, చిన్నచిన్న నీలం పూలు. వాళ్లమ్మ వంట చేసిన ఇంటి యజమానురాలు ఇచ్చిందట. నెల కిందట అమ్మ పోయిన రోజు, ఆ హడావుడిలో ఒక పిడి ఊడింది.

"పిడి ఒక్కటీ పెట్టివ్వండి తాతా, చాలు," అంది.

పిడి ఒక పూటలో అతికింది. కానీ తాత చేతులు ఊరుకుంటేగా! పిడి పక్కన ఒక గులాబీ సగం చెరిగి, ఆ చోటు తెల్లగా, నున్నగా ఉంది. ఇంత అందాన్ని ఇలా వదిలేస్తే ఎలా అనుకున్నాడు. రంగు పట్టడానికి గరుకు కాగితంతో రుద్ది, రెండు రోజులు కూర్చుని సన్న కుంచెతో రేకులు నింపాడు. ఆమె మురిసిపోతుందని తను ముందే మురిసిపోయాడు.

ఆమె వచ్చి గిన్నె అందుకుంది. బొటనవేలు పిడి పక్కకి వెళ్లి ఆగిపోయింది.

"ఇక్కడేం చేశారు తాతా?"

"పువ్వు చెరిగిపోయింది తల్లీ, మళ్లీ వేశాను. తేడా తెలుస్తోందేమో చూడు!"

"అది అమ్మ వేలు పెట్టే చోటు. నలభై ఏళ్లు అక్కడే పట్టుకుని మాకు చక్కెర వేసింది. అందుకే అరిగింది. అమ్మ పోయాక రోజూ నేనూ అక్కడే వేలు పెట్టుకుంటున్నా."

తాత గిన్నె వెనక్కి తీసుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, దూదిని స్పిరిట్‌లో ముంచి గబగబా తుడిచాడు. పువ్వు పోయింది, నునుపు మాత్రం రాలేదు. ఆమె కళ్లు మూసుకుని వేలు పెట్టి చూసింది.

"గరగరలాడుతోంది," అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే తాతకి అంత బాధ ఉండేది కాదు. "మీ దగ్గరే ఉంచండి. ఇంట్లో పెట్టుకుని చూడలేను."

తాత పందేలు మానేశాడు. ఎవరు ఏది తెచ్చినా, "ఇందులో ఏది ముట్టుకోకూడదమ్మా?" అని ముందే అడుగుతున్నాడు. రోజూ పొద్దున్నే ఆ గిన్నెలోంచే టీలో చక్కెర వేసుకుంటాడు, బొటనవేలు ఆ గరుకు చోటే ఆనించి. నున్నబడగానే తీసుకెళ్లి ఆమెకివ్వాలని ఆశ.

వాళ్లమ్మకు నలభై ఏళ్లు పట్టిన పని అది. తాతకిప్పుడు డెబ్బై రెండు.