మామ ఎడెలో కంట్రీ పాట

దయ్యాలను నేను నమ్మను. అమెరికావాళ్ల కంట్రీ సంగీతాన్ని అంతకన్నా నమ్మను. రెండిటి మీదా నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదని ముందే మనవి చేసుకుని ఈ సంగతి రాస్తున్నాను.

బళ్లారిలో మైనింగ్ జోరుగా ఉన్న రోజులవి. మా మేనమామ సేద్యం తగ్గించి రెండు లారీలు కొని ఖనిజం తోలించేవాడు. అప్పుడప్పుడు తనే తోలేవాడు. గనిలో యంత్రాలు బిగించడానికి వచ్చిన ఒక అమెరికా ఆయన్ని కొన్నాళ్లు జీపులో తిప్పితే, ఆయన వెళ్తూ పాత కంట్రీ పాటల క్యాసెట్ ఒకటి ఇచ్చిపోయాడు. మామకు ఇంగ్లీషు రాదు. ఆ పాటల మీద ప్రేమకు అదేమీ అడ్డు కాలేదు.

డిగ్రీ చదివినవాణ్ణి కాబట్టి అర్థం చెప్పే పని నాది. ముక్కుతో పాడే ఆ గొంతు నాకూ సగమే అందేది.

"పెండ్లాం పోయింది, కుక్క పోయింది, లారీ చెడిపోయింది. అంతే మామా."

"ఇంగేం కావల్లప్పా? మా లారీవాళ్ల కథే గదా."

ఒకరోజు అత్తకు విసుగొచ్చింది. "పొద్దున్నే ఈ ఏడుపేంది" అని టేపు కట్టేసింది. మాటా మాటా పెరిగింది. మామ వడ్డించిన పళ్లెం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నమే, లోడు కోసం వరుసలో నిలబెట్టిన లారీలో గుండె ఆగి పోయాడు.

అత్త ఏడ్చింది తక్కువ. "తినకుండా పాయ. కోపంతో పాయ" అని మాత్రం రోజూ అనేది. తనూ సరిగ్గా తినడం మానేసింది. మనిషిని చీరలో వెతుక్కోవాల్సినంతగా చిక్కిపోయింది.

పెద్దల అమావాస్య వచ్చింది. పోయినవాళ్ల ఫోటో ముందు ఆకు వేసి, ఇష్టమైనవన్నీ వడ్డించి, వాళ్లు తినడానికని కాసేపు తలుపు మూసి బయటికి రావడం మా ఆచారం. దాన్ని ఎడె అంటాం. జొన్నరొట్టె, వేటకూర, క్వార్టర్ సీసా, సిగరెట్లు పెట్టాం. అత్త టేప్‌రికార్డర్ కూడా పెట్టించింది. నేను మొదటి పాట నొక్కి, అందరికన్నా చివర బయటికొచ్చి తలుపు మూశాను.

అందరం గది ముందు పడసాలలో కూర్చున్నాం. లోపల పాట అయిపోయింది. రెండో పాట రావాలి. అది రాకుండా టక్కుమని శబ్దం వచ్చింది. టేపు వెనక్కి తిరిగే గరగర వినిపించింది. మళ్లీ టక్కుమంది. అదే పాట, మొదటి నుంచీ.

ఆ గదికి వేరే తలుపు లేదు. కిటికీ గనుల ఎర్రదుమ్ముకు భయపడి ఎప్పుడో మూసిందే.

నేను లేవబోతే అత్త చెయ్యి పట్టుకుంది.

"కుచ్చోప్పా. నేను అలిగితే మీ మామ ఇంతే. నగేదాకా అదే పాట మల్లా మల్లా పెడతాండె."

అని నవ్వింది. మామ పోయాక ఆమె నవ్వడం అప్పటిదాకా నేను చూడలేదు. తలుపు దగ్గరికి పోయి, దాని మీద చెయ్యి ఆనించి, మెల్లగా అంది.

"నగితి గదా, సాలు. నాకేం కోపం లేదు. రొట్టె సల్లారతాది, తినుపో."

పాట మధ్యలో ఆగిపోయింది.

తలుపు తీస్తే ఆకులో పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆ టేప్‌రికార్డర్‌కు దానంతట అది వెనక్కి తిరిగే వసతి లేదు. తర్వాత ఎన్నిసార్లు పెట్టి చూసినా బుద్ధిగా రెండో పాటకే పోయింది. బటన్ పాతదనీ, వైరు లూజనీ నాకు నేను చెప్పుకున్న కారణాలేవీ నాకే రుచించలేదు. ఎలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను.

అత్త నన్ను అడగనూ లేదు. ఆ ఆకు ముందే కూర్చుని ఎడె రొట్టె తుంచి తినింది. ఇంకోటి వేయమంది. వేశాను.