పాలెంలో పొగలేని పొయ్యిలు

1959లో ఎండలు ఇంకా ముదరకముందే నన్ను బోగోలు వైపు సముద్రతీరానికి గ్రామసేవికగా వేశారు. జువ్వలదిన్నె దాటి ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ పోతే వచ్చే ఒక పట్టపుపాలెం, అంటే జాలర్ల పల్లె, నా వంతుకు వచ్చింది. దాని పేరు చెప్పను. ఆనాటివాళ్ళ బిడ్డలు ఇంకా అక్కడే ఉన్నారు, నా మీదికి పోట్లాటకు రాగలరు.

గ్రామసేవిక అంటే ఈ కాలం వాళ్ళకు తెలియకపోవచ్చు. బ్లాకు ఆఫీసుకు బి.డి.ఓ. గారు పెద్ద. ఆయన కింద ఆడవాళ్ళ కార్యక్రమాలు చూసేందుకు ముఖ్యసేవిక ఉండేవారు. ఆమె కింద, గొడుగు ఒక చేత, సంచి ఒక చేత పట్టుకుని ఊళ్ళు తిరిగే మాబోటివాళ్ళం. చిన్నపిల్లల బాలవాడి నడపాలి, కుట్టు నేర్పాలి, పసిబిడ్డలకు ఏం పెట్టాలో చెప్పాలి. ఇవన్నీ ఒక ఎత్తు, పొగలేని పొయ్యి ఒక ఎత్తు. మట్టితో కట్టి, వెనకాల కాల్చిన మట్టి గొట్టం నిలబెట్టి, పొగను కప్పు పైకి పంపించే పొయ్యి అది. గొట్టాలు బ్లాకు ఊరికే ఇచ్చేది. కట్టుకునేవాళ్ళను వెతకడమే మా పని.

శిక్షణలో మాకు మనస్తత్వం అని ఒక పాఠం ఉండేది. మనిషిని కదిలించేవి మూడే, భయం, లాభం, నలుగురిలో గొప్ప అని మాస్టారు బల్ల గుద్ది చెప్పేవారు. ఈ మూడింటిలో ఒకటి దొరకబుచ్చుకుంటే ఎంత మొండి ఊరైనా కదలాల్సిందేనట. ఆదివారపు బడిలో వాక్యం కంఠతా పట్టినట్టు నేను దాన్ని పట్టేశాను.

పాలెంలో ఆడవాళ్ళకు పెద్దదిక్కు పోలమ్మ. నెత్తిన చేపల గంపతో కావలి దాకా నడిచిపోయి అమ్ముకొచ్చే మనిషి. ఆమె గుడిసె ముందే నా ఉపన్యాసాలన్నీ. పొగకు కళ్ళు పోతాయన్నాను, అది భయం. కట్టెలు మిగులుతాయన్నాను, అది లాభం. పక్క ఊరివాళ్ళు అప్పుడే కట్టుకున్నారన్నాను, అది గొప్ప. అందరూ శ్రద్ధగా విన్నారు, తలలూపారు, వచ్చేటప్పుడు నా సంచిలో నాలుగు చేపలు వేసి పంపించారు. ఎన్నిసార్లు వెళ్ళినా చేపలే గానీ పొయ్యి లేదు.

ఇంతలో నెల్లూరు నుంచి జిల్లా అధికారి తనిఖీకి వస్తున్నారని కబురు వచ్చింది. ముఖ్యసేవిక గారు ముందుగా పాలేనికి వచ్చి ఇంటింటా తొంగిచూశారు. ఆ తర్వాత పోలమ్మ వాకిట్లో, ఆడవాళ్ళందరి ఎదుట, నన్ను దులిపేశారు. నాకింకా ప్రొబేషన్ పూర్తి కాలేదు. అంటే పని నచ్చకపోతే కారణం చెప్పకుండా ఇంటికి పంపేయవచ్చు. దొరగారు వచ్చేనాటికి ఒక్క పొయ్యి కూడా లేవకపోతే నా రిపోర్టులో ఏం రాయాలో తనకు బాగా తెలుసని చెప్పి ఆమె జీపెక్కి వెళ్ళిపోయారు. మా నాన్న బడిపంతులు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు, ఆ సంగతి పాలెంలో అందరికీ తెలుసు. మా ఇంట్లో పొయ్యి వెలిగేది నా జీతం మీదే. కళ్ళు తుడుచుకుంటుంటే పోలమ్మ చూసింది. పొగ పడిందన్నాను. అప్పటికామె పొయ్యి వెలిగించనే లేదు.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి పోలమ్మ మన్ను తొక్కుతోంది. “గొట్టాలు తెప్పించమ్మా, కట్టుకుంటాం” అంది. ఆమె వెనకే పక్కిల్లు, ఆ పక్కిల్లు, చివరికి పాలెమంతా. కళ్ళు పోతాయన్న మాట ఆలస్యంగా అయినా తలకెక్కిందని నేను మురిసిపోయాను. అధికారి గారు వచ్చి వరసగా కప్పుల మీద లేచిన గొట్టాలను చూశారు. పోలమ్మను పొయ్యి పక్కన కూర్చోబెట్టి ఫొటో తీయించారు. ఈ పిల్ల ప్రజల మనసు తెలుసుకుందని ముఖ్యసేవిక గారి ముందే అన్నారు. ఆ రోజు నేను నేల మీద నడవలేదు.

మర్నాడు అందరికీ పంచుదామని బొరుగులూ బెల్లమూ కొనుక్కుని వెళ్ళాను. దూరం నుంచే ఏదో తేడాగా ఉంది. కప్పుల మీద గొట్టాలు లేవు. తాటాకుల సందుల్లోంచి ఎప్పటిలాగే పొగ బయటికి వస్తోంది. పరుగెత్తుకుంటూ పోలమ్మ ఇంట్లోకి వెళితే పొయ్యి స్థానంలో మట్టిపెళ్ళల కుప్ప, దాని పక్కన పాత మూడు రాళ్ళు, వాటి మీద ఉడుకుతున్న సంగటి. గొట్టం పెరట్లో దొర్లుతోంది. పక్కింటికి పోయాను, అక్కడా అంతే. మూడో ఇంటికీ పోయాను. నాలుగో ఇంటికి పోకుండా పోలమ్మ గడప దగ్గరికే తిరిగి వచ్చాను. ఊరంతా కలిసి నన్ను చెంపదెబ్బ కొట్టినట్టయింది. నా గొంతు అంత పెద్దదని ఆ రోజే నాకు తెలిసింది.

“అరవబాకమ్మా, కూచో. దొరలు పోయినారు గదా, ఇంకెందుకవి?” అంది పోలమ్మ.

మరి ఇష్టం లేనివాళ్ళు ఎందుకు కట్టారని అడిగాను. ఆమె నా అమాయకత్వానికి ఆశ్చర్యపోయింది.

“పైన ఉట్లో చేపలకు పొగ తగలకపోతే పురుగు పడతాది. ఆ పొయ్యి మాకెందుకు? ఆయమ్మ నిన్ను అందరి ముందర అట్ట తిడతా ఉంటే మాకు కడుపు తరుక్కపోయింది. మంచాన పడిన నాయన్ని సాకతా ఉండావు. నీ ఉద్యోగం పోతే ఎట్టా అని పాలెమంతా అనుకున్నాం. వేట మానుకొని మన్ను తవ్వి తెచ్చింది మా మొగోళ్ళే, తెలుసునా?”

ఆ గడప మీదే చతికిలబడ్డాను. కోపం ఎక్కడికి పోయిందో తెలియదు గానీ చెవులు మాత్రం సిగ్గుతో మండిపోయాయి. వాళ్ళ మీద జాలిపడేందుకు సర్కారు నాకు జీతమిస్తోందని అనుకుంటున్నాను నేను. వాళ్ళేమో జీతం లేకుండానే నా మీద జాలిపడ్డారు. మాస్టారు చెప్పిన మూడింట్లో జాలి లేదు.

దాచడం నాకు చేతకాదు. తిన్నగా బి.డి.ఓ. గారి దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ఆయన కాగితాల్లోంచి తలెత్తి, ఫొటో వచ్చింది కదమ్మా, పొయ్యిలు ఉంటేనేం పోతేనేం అన్నారు. అది ఆ వారంలో నాకు రెండో దెబ్బ. కొన్నాళ్ళకు నా ఉద్యోగం ఖాయమైనట్టు ఆర్డరు వచ్చింది. మళ్ళీ బొరుగులూ బెల్లమూ కొన్నాను. ఈసారి పాలెంలో ప్రతి చేతిలోనూ పెట్టి, ఇక నన్నెవరూ తీసెయ్యలేరని మరీ చెప్పాను.

ఆ మరుసటి ఏడు వానలకు పక్క పాలెంలో వాంతిభేది సోకింది. పొద్దున పడవ దించిన మనిషి సాయంత్రానికి లేడు. హెల్త్ ఇన్‌స్పెక్టరు గారు కలరా సూదిమందు పెట్టె పట్టుకుని మా పాలేనికి వస్తే మగవాళ్ళు లోపలికి రానివ్వలేదు. సూది వేస్తే జ్వరం వస్తుంది, జబ్బ వాస్తుంది, తెడ్డు పట్టలేరు. ఆయన నన్ను పిలిపించారు. నేను భయం చెప్పాను, లాభం చెప్పాను, తెలిసినదంతా చెప్పాను. శ్రద్ధగా విన్నారు, తలలూపారు. తర్వాత ఎవరో చేపలు తేవడానికి లేచారు. ఆ చేపలకు అర్థమేమిటో నాకు తెలుసు. ఈ తలలూపినవాళ్ళలో ఎంతమంది మిగులుతారోనని ఒక్కొక్కరి మొహమూ చూశాను.

అప్పుడు పోలమ్మ నిలబడి, అందరికీ వినబడేలా అడిగింది. “సేవికమ్మా, ఒక మాట చెప్పు. ఇది గూడా నీ ఉద్యోగం కోసమేనా?”

కాదు. ఆ సూదికీ నా ఉద్యోగానికీ ఏ సంబంధమూ లేదు. అబద్ధమాడితే మా నాన్న అన్నం ముట్టేవారు కాదు, అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని. పోలమ్మ కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి.

“అవును పోలమ్మక్కా” అన్నాను.

“విన్నారు గదా, లెయ్యండి మరి! ఆడబిడ్డ నోటికాడ కూడు తీస్తారా?” అని మగవాళ్ళను కసిరి, తానే ముందుగా వచ్చి జబ్బ చాపింది. ఒక ముసలాయన సర్కారునూ సూదినీ కలిపి తిట్టుకుంటూనే వరసలో నిలబడ్డాడు. సాయంత్రానికి పెట్టె ఖాళీ అయింది.

రెండోనాడు జ్వరం మాత్రలు తీసుకుని వెళితే పోలమ్మ వాచిన జబ్బతో చాప మీద పడుకుని ఉంది. అబద్ధం నాకు అరగలేదు. నిన్న చెప్పింది నిజం కాదక్కా అని మొదలుపెట్టబోతే ఆమె నవ్వింది.

“తెలుసులే. ఉద్యోగం ఖాయమైందని బెల్లం పంచింది నువ్వే గదా. చావుకు బయపడి సూది ఏయించుకున్నామని మొగోళ్ళు ఒప్పుకుంటారా? పాపం, సేవికమ్మ కోసం అంటే పరువుగా ఉంటాది. అందుకే అందరి ముందర అడిగినా.”

నేను రెండోసారి అదే గడప మీద కూలబడ్డాను. వాళ్ళకు నేను అబద్ధం చెప్పాననుకున్నాను. నిజానికి వాళ్ళకు కావలసిన మాటను ఆమె నా నోట పలికించింది. భయం వాళ్ళలో మొదటినుంచీ ఉంది. బయటికి రావడానికి దానికి మర్యాదైన దారి లేకపోయింది, అంతే. ఆ ఏడు మా పాలెంలో వాంతిభేదితో ఎవరూ పోలేదు. అదంతా సూది మహిమేనని నేను ఒట్టు పెట్టను.

తర్వాత నేనూ ముఖ్యసేవికనై, కొత్తగా చేరిన పిల్లలకు శిక్షణ ఇచ్చాను. వాళ్ళకు ఆ మూడూ చెప్పి, ఇంకో రెండు కలిపేదాన్ని. మనిషి ఒక కారణంతో పని చేస్తాడు, నలుగురికీ ఇంకో కారణం చెప్పుకుంటాడు. ఆ చెప్పుకునే కారణాన్ని మనమే అతని చేతిలో పెట్టాలి. రెండోది, మన మీద జాలితో ఊరివాళ్ళు ఏదైనా చేస్తే ఆ జాలిని పొయ్యికి ఖర్చు చేస్తున్నామా, సూదికి ఖర్చు చేస్తున్నామా అని చూసుకోవాలి. పొయ్యిని మర్నాడు పగలగొట్టుకోవచ్చు. సూదిమందును ఎవరూ వెనక్కి తీయలేరు.