పెద్ద ఫైళ్లు ఆగిన చోటు

చెన్నై చూలైలో పుట్టి పెరిగిన హేమమాలినికి ఎవరి మాటా ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. ఇరవై ఏళ్లుగా ఆఫీసుల్లో నెట్‌వర్కులు బాగుచేస్తోంది. "నేనేం ముట్టుకోలేదు మేడమ్" అన్నవాళ్లే ఏదో ముట్టుకుని ఉంటారని ఆమె అనుభవం.

ఆ సోమవారం సాలిగ్రామంలోని ఓ ఎడిటింగ్ స్టూడియో నుంచి పిలుపొచ్చింది. చిన్న ఫైళ్లు సర్వర్‌కి చేరుతున్నాయి. సినిమా షాట్లు మాత్రం కాపీ మొదలుకాగానే బిగుసుకుపోతున్నాయి.

ఎడిటర్ సుందరరామమూర్తి ఆమెను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "అసిస్టెంటు సంయుక్త మీదే నా అనుమానమండీ. శుక్రవారం ఉద్యోగం మానేస్తానంది. శనివారం నుంచీ ఇదే వరస. షాట్లు ఎవరికైనా పంపేస్తోందేమో చూడండి."

సంయుక్త కంప్యూటర్ అప్పటికే లాగేసుకున్నారు. ఆ పిల్ల రిసెప్షన్‌లో ఖాళీ చేతులతో కూర్చుని ఉంది. హేమమాలిని రెండు గంటలు ఆమె లాగిన్లన్నీ తిరగేసింది. ఏమీ దొరకలేదు. అయినా అనుమానం తీరక వెళ్లి నిలదీసింది.

"ఏం మార్చినావు? నిజం చెప్పు."

"సత్యంగా ఏం మార్చలేదక్కా. శనివారం కరెంటు పోయొచ్చినాకే ఇట్లయింది. ఈడ చెప్తే ఎవురూ వినలే."

హేమమాలిని కొలత పెంచుకుంటూ సర్వర్‌కి పరీక్ష ప్యాకెట్లు, అంటే డేటా మూటలు, పంపింది. పదిహేను వందల బైట్ల దాకా వెళ్లాయి. అది దాటితే జవాబు లేదు. ఎడిటింగ్ కంప్యూటర్లూ సర్వరూ తొమ్మిది వేల బైట్ల ప్యాకెట్లు పంపుకునేలా అమర్చి ఉన్నాయి. మధ్యలో కంప్యూటర్లను సర్వర్‌కి కలిపే నెట్‌వర్క్ స్విచ్ ఆ పెద్ద ప్యాకెట్లను చడీచప్పుడు లేకుండా పారేస్తోంది.

దాని పరిమితి ఎవరు తగ్గించారు? స్విచ్‌లో సేవ్ అయిన సెట్టింగుల తేదీ డిసెంబరు. పరిమితి పెంచింది జనవరిలో. పెంచిన మనిషి సేవ్ చేయలేదు. కరెంటు పోయి రాగానే స్విచ్ పాత సెట్టింగుకి వెళ్లిపోయింది.

జనవరిలో ఇక్కడికొచ్చి ఆ పని చేసింది తనే.

కరెంటు మీదకి తోసేస్తే అడిగేవాళ్లు లేరు. అయినా హేమమాలిని పరిమితి మళ్లీ పెంచి, ఈసారి సేవ్ చేసి, ఎడిటర్ దగ్గరికి వెళ్లింది.

"తప్పు నాది సార్. ఆ పిల్లది కాదు."

"పోనీలెండి, బాగైంది కదా."

"పోనీలెండి అంటే ఎట్ల? ఆ మాట ఆమెకు చెప్పండి."

అతను నసుగుతూ వెళ్లి సంయుక్తకి కంప్యూటర్ తిరిగిచ్చాడు. ఆమె అతనివైపు చూడకుండా హేమమాలినికేసి తిరిగింది.

"నువ్వూ నన్నే అనుకున్నావు కదక్కా?"

"అవును," అంది హేమమాలిని.

సంయుక్త నెలాఖరుకి మానేసింది. హేమమాలిని ఆ వారమంతా తాను బిగించిన స్విచ్‌లన్నీ తిరిగి చూసుకుంది. సౌకార్‌పేటలో ఒకటి, షోళింగనల్లూరులో రెండు సేవ్ చేయకుండా వదిలేసినవి బయటపడ్డాయి.